పిల్లలు బతికారు సరే, తల్లులెందుకు బతకలేదు? (ఇంగ్లండు, 1918–1939)

#1 · పొద్దుతిరుగుడు

అందరికీ నమస్కారం. నేను ఉత్తర ఇంగ్లండులో మిడ్‌వైఫ్‌గా, అంటే పురుళ్ళు పోసే ఉద్యోగంలో, పనిచేస్తున్నాను. సొంతూరు బాపట్ల దగ్గర పల్లె. మా పట్టణ గ్రంథాలయంలో పాత మునిసిపల్ ఆరోగ్య నివేదికలు ఉన్నాయి. ఆ రోజుల్లో ఊరికో మెడికల్ ఆఫీసరు ఉండేవాడు. పుట్టినవాళ్ళెందరు, పోయినవాళ్ళెందరు, ఎందుకు పోయారు అని ఏటేటా అచ్చు వేయించేవాడు. సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని చదువుతున్నాను. అందులో ఒక సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

రెండు యుద్ధాల మధ్య పసిపిల్లల చావుల లెక్క మెట్లు దిగినట్టు దిగింది. ఇంగ్లండు, వేల్స్ కలిపి చూస్తే 1901లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 151 మంది ఏడాది నిండకుండానే పోయారు. 1921కి అది 83. 1931కి 66. 1939కి 51. తల్లుల లెక్క చూడండి. 1920లు పొడుగునా వెయ్యి కాన్పులకు నలుగురు చొప్పున పోతూనే ఉన్నారు. తగ్గడం అటుంచి, 1934 నాటికి నాలుగున్నర అయింది. ఏడాదికి దాదాపు 3,000 మంది బాలింతలు.

సేవలు లేవా అంటే ఉన్నాయి. 1918లో తల్లీపిల్లల సంక్షేమ చట్టం వచ్చింది. ఊరూరా కౌన్సిళ్ళు దాని కింద ఒక కమిటీ వేయాలి, అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి. హెల్త్ విజిటర్లు ఇంటికొచ్చేవాళ్ళు. శిశు కేంద్రాల్లో బిడ్డను తూచేవాళ్ళు, పాలపొడి చవగ్గా ఇచ్చేవాళ్ళు. ఖర్చులో సగం ప్రభుత్వం భరించేది. ఇంత జరిగినా తల్లి ఎందుకు పోయింది? మన వేదికలో డాక్టర్లున్నారు, చరిత్ర చదివినవాళ్ళున్నారు. కాస్త చెప్పండి.

#2 · లెక్కలమాస్టారు

అమ్మాయ్, ముందు లెక్క సంగతి తేల్చుకుందాం. పిల్లల చావులు తగ్గడానికి ఆ కేంద్రాలే కారణమని అనుకోవద్దు. ఒక్కో ఇంట్లో కనే పిల్లల సంఖ్యే తగ్గిపోయింది. మరుగుదొడ్లు మారాయి, నీళ్ళు బాగుపడ్డాయి. వీధుల్లో గుర్రబ్బండ్లు తగ్గి మోటార్లు వచ్చాక పేడా తగ్గింది, ఈగలూ తగ్గాయి. ఎండాకాలం విరేచనాలతో పసికందులు గంపగుత్తగా పోయేవాళ్ళు, అది ఆగింది. తూకం యంత్రం పెట్టినందువల్లే బిడ్డ బతికిందని చెప్పడానికి ఆధారం కావాలి.

తల్లుల లెక్కలో ఇంకో చిక్కుంది. గర్భం తీయించుకోబోయి పోయినవాళ్ళు కూడా అందులోనే కలిశారు. అది ఎంత పెద్ద సమస్య అయ్యిందంటే 1937లో దాని మీద ప్రత్యేకంగా బర్కెట్ కమిటీని వేశారు. కాబట్టి 'కాన్పులో పోయారు' అన్న ఒకే గంపలో రకరకాల చావులున్నాయి.

#3 · చరిత్రపిచ్చి

మాస్టారు చెప్పింది నిజమే. కానీ ఆ సేవల పుట్టుక చూస్తే పొద్దుతిరుగుడు గారి ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి (1899–1902) సైన్యంలో చేరడానికొచ్చిన కుర్రాళ్ళు ఎందరో ఒంట్లో సత్తువ లేక వెనక్కి పోయారు. దాంతో దేశం కంగారుపడి 1904లో ఒక కమిటీ నివేదిక తెప్పించుకుంది. పిల్లల్ని బతికించాలన్న తపన అక్కడ మొదలైంది. పుట్టిన 36 గంటల్లో ఆరోగ్య శాఖకు కబురు చేయాలన్న చట్టం 1907లో వచ్చింది. అప్పటికి ఇష్టమున్న ఊళ్ళకే. 1915లో అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. అప్పుడు మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది, ఫ్రాన్సు కందకాల్లో మగపిల్లలు పోతున్నారు. 1917లో జాతీయ శిశు వారం జరిపారు. 1918 ఆగస్టులో మీరు చెప్పిన చట్టం. దీనంతటికీ మధ్యలో ఉన్నది బిడ్డ. తల్లికి నేర్పాలి, తల్లికి చెప్పాలి, తల్లి చేత పాలిప్పించాలి. తల్లి ఒంటికేమైందో అడిగే గది ఆ ఇంట్లో చాలాకాలం కట్టలేదు.

శిశు కేంద్రానికి వెళ్తే సలహా ఇచ్చేవాళ్ళు గానీ వైద్యం చేసేవాళ్ళు కాదు. జబ్బుంటే డాక్టరు దగ్గరికి పొమ్మనేవాళ్ళు. ఎందుకంటే కౌన్సిలు ఉచితంగా వైద్యం చేస్తే తమ పొట్ట కొట్టినట్టేనని ఊరి డాక్టర్లు గొడవపెట్టారు. పోనీ 1911 బీమా చట్టం ఉందిగా అంటారా? అది పనిచేసే మగవాడికి డాక్టరునిచ్చింది, అతని భార్యకు ఇవ్వలేదు. కాన్పుకి 30 షిల్లింగులు మాత్రం ఇచ్చింది. ఆ డబ్బు భార్య చేతికే అందాలని సహకార సంఘాల ఆడవాళ్ళు పోరాడి, 1913లో సవరణ తెచ్చుకున్నారు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఆరోగ్య మంత్రిత్వ శాఖ 1919లో ఏర్పడింది. అందులో తల్లీపిల్లల విభాగం చూసినామె డాక్టర్ జానెట్ క్యాంప్‌బెల్. బాలింతల మరణాల మీద 1924లో ఆమె రాసిన నివేదికతోనే ఈ విషయం దేశం నోట పడింది. 1934లో ఆమె పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయిన ఆడమనిషి సర్కారు కొలువులో ఉండకూడదన్నది అప్పటి నియమం, ఆమె ఉద్యోగం వదలాల్సి వచ్చింది. చావుల లెక్క బాగా ఎక్కువగా ఉన్న ఏడాదే అది. ఈ వాక్యం రాస్తుంటే కూడా నాకు కోపం ఆగడం లేదు.

#4 · సంచీసైకిల్

నేను రిటైరైన ఏఎన్ఎంని. పల్నాడులో ముప్ఫై రెండేళ్ళు చేశాను. మీరంతా చదువుకున్నవాళ్ళు, నాకు తెలిసింది నేను చెబుతా.

తూకం వేయడం తేలిక. బిడ్డని గుడ్డలో వేసి కొక్కేనికి తగిలిస్తే ముల్లు చెబుతుంది. దాన్ని కార్డు మీద రాయొచ్చు, పై ఆఫీసరుకి చూపించొచ్చు. నేనూ వేల మందిని తూచా. కాన్పు దగ్గర నిలబడ్డం వేరు తల్లీ. అది అర్ధరాత్రి రెండుగంటలకి లాంతరు వెలుతుర్లో. అక్కడ ఎవరున్నారు, చేతులు కడుక్కున్నారా, మాయ పడేదాకా ఓపిక పట్టారా, రక్తం ఆగిందో లేదో చూశారా. తల్లి బతకడం ఈ నాలుగు గంటల్లో ఉంటది, ఆ తర్వాత పది రోజుల్లో ఉంటది. కాబట్టి నేను అడిగేది ఒకటే. ఆ దేశంలో ఆ రోజుల్లో పురుడు పోసింది ఎవరు?

#5 · పొద్దుతిరుగుడు

అమ్మా, సరిగ్గా అడగాల్సింది అడిగారు. ఎక్కువ కాన్పులు ఇళ్ళలోనే జరిగేవి. మంచం పక్కన మూడు రకాల మనుషులు కనిపిస్తారు.

ఒకరు మన మంత్రసాని లాంటి ఇరుగుపొరుగు ముసలమ్మ. పురుడు పోస్తుంది, వంట చేసి పెడుతుంది, పెద్దపిల్లల్ని చూస్తుంది, ఇంట్లో ఎవరైనా పోతే శవానికి స్నానమూ చేయిస్తుంది. 1902 చట్టం వచ్చాక సర్టిఫికెట్ లేనివాళ్ళు మిడ్‌వైఫ్ అని చెప్పుకోకూడదు. 1910 నుంచి డబ్బు తీసుకుని అదే వృత్తిగా చేయడమూ నిషేధమే, డాక్టరు చెప్పుచేతల్లో చేస్తే తప్ప. అయితే డాక్టరు పేరు ముందు పెట్టి వాళ్ళు ఇంకా చాలాకాలం చేశారు.

రెండోవాళ్ళు సర్టిఫికెట్ ఉన్న మిడ్‌వైఫ్‌లు. వీళ్ళలో చాలామందికి జీతం లేదు, కాన్పుకింత అని వచ్చేది. కాన్పులు తగ్గేకొద్దీ కడుపు మాడేది. కష్టమైన కాన్పులో డాక్టర్ని పిలవాలని నియమం ఉంది, పిలిస్తే ఆ ఫీజు ఎవరివ్వాలి? పేద ఇల్లు ఇవ్వలేదు. ఫీజు రాదని తెలిసిన డాక్టరు రావడానికి వెనకాడేవాడు. 1918లో వచ్చిన ఇంకో చట్టంతో, మిడ్‌వైఫ్ పిలిస్తే ఆ ఫీజు కౌన్సిలే ముందు కట్టేలా చేశారు. ఇది చాలా పెద్ద మార్పని నా అభిప్రాయం, ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

మూడోవారు ఊరి డాక్టరు. ఈయన గురించి డాక్టరమ్మ గారు చెబితే బాగుంటుంది.

1936లో గానీ ప్రతి ప్రాంతంలో జీతమిచ్చి మిడ్‌వైఫ్‌లను పెట్టాలన్న చట్టం రాలేదు. నెల జీతం, సెలవు, ఆమె లేనప్పుడు ఇంకొకరు. నేనిప్పుడు చేస్తున్న ఉద్యోగం ఆ రోజు పుట్టింది.

#6 · డాక్టరమ్మ_వరంగల్

కాన్పులు చేయబట్టి పాతికేళ్ళు దాటింది, కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి.

పేదింటి ఆడవాళ్ళే ఎక్కువగా చనిపోయి ఉంటారని అందరం అనుకుంటం. 1930–32 లెక్కలు తిరగేసి చూడండి. భర్త వృత్తిని బట్టి తరగతులుగా విడదీసినరు. డాక్టర్లు, వకీళ్ళు, వ్యాపారులుండే పై తరగతుల్లో వెయ్యికి 4.44 మంది తల్లులు పోయినరు. కూలి చేసుకునే అడుగు తరగతిలో 3.89. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్న. కాదు. పసిపిల్లల చావుల్లో పేదరికం స్పష్టంగా కనిపిస్తది, పేదింటి బిడ్డలే ఎక్కువ పోయినరు. తల్లుల దగ్గరికొచ్చేసరికి అది తిరగబడింది.

కారణం మంచం పక్కనున్న మనిషే. డబ్బున్న ఇల్లు డాక్టరును పిలిచింది. ఆయన చదువులో కాన్పుల శిక్షణ చాలా తక్కువ. బయట పదిమంది రోగులు ఎదురుచూస్తుంటరు. క్లోరోఫాం ఇచ్చి, గర్భాశయ ద్వారం పూర్తిగా తెరుచుకోకముందే పటకార్లు (ఫోర్సెప్స్) వేసి లాగితే పని అయిపోతది. చీలికలు, రక్తస్రావం, చేతుల నుంచి లోపలికి క్రిములు. మిడ్‌వైఫ్‌కు పటకార్లు వాడే అధికారం లేదు, అందుకని ఆమె ఎదురుచూసింది. ఆ ఎదురుచూపే తల్లిని కాపాడింది.

హాలండును చూడండి, అక్కడ చదువుకున్న మిడ్‌వైఫ్‌లు ఇళ్ళలో కాన్పులు చేసేటోళ్ళు. ఇంగ్లండు కన్నా అక్కడ తల్లుల చావులు తక్కువ. అమెరికాలో డాక్టర్లు ఎక్కువ, ఆసుపత్రులు ఎక్కువ, అయినా వెయ్యికి ఆరేడుగురు పోయేటోళ్ళు.

చనిపోయిన తల్లుల్లో సుమారు మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, పురిటి జ్వరం వల్లే. మూడోనాడు చలి, తర్వాత జ్వరం, పొట్ట ఉబ్బుడు, వారంలో ప్రాణం పోవుడు. డాక్టర్లూ మంత్రసానులే దాన్ని ఇంటింటికీ మోస్తున్నరని అబర్డీన్‌లో అలెగ్జాండర్ గార్డన్ 1795లోనే చెప్పిండు. వియన్నాలో సెమెల్‌వైస్ 1847లో చేతులు కడిగించి చూపించిండు. అంత తెలిసీ 1930లలో కూడా అదే జ్వరం. నా వృత్తి మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ పాపం మాది.

#7 · ఒహాయో_తెలుగు

డాక్టరమ్మ గారు అమెరికా ఎత్తారు కాబట్టి చిన్న జవాబు. ఇక్కడ ఆడవాళ్ళకు ఓటు వచ్చిన మరుసటి ఏడాది, 1921లో, షెపర్డ్–టౌనర్ చట్టం వచ్చింది. తల్లీపిల్లల ఆరోగ్యానికి కేంద్రం రాష్ట్రాలకు డబ్బివ్వడం అదే మొదలు. వైద్యుల సంఘం దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. మసాచుసెట్స్, కనెక్టికట్, ఇల్లినాయ్ ఆ డబ్బు ముట్టుకోనేలేదు. 1929లో చట్టాన్ని ముగించేశారు. 1935 సామాజిక భద్రతా చట్టంలో గానీ ఆ సాయం తిరిగి రాలేదు.

అయితే నేను చెప్పాలనుకున్నది కెంటకీ కొండల గురించి. అప్పలాచియాలో రోడ్డంటూ లేని లెస్లీ కౌంటీలో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే నర్సు 1925లో ఒక సంస్థ పెట్టింది. తన ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకున్న తల్లి ఆమె. మిడ్‌వైఫ్ పని నేర్చుకోవడానికి లండన్ వెళ్ళి వచ్చింది, ఇంగ్లండు నుంచి మిడ్‌వైఫ్‌లను పిలిపించుకుంది. వాళ్ళు గుర్రాల మీద, జీను సంచుల్లో సామాను పెట్టుకుని, ఏరులు దాటి వెళ్ళి ఇళ్ళలో పురుళ్ళు పోశారు. అక్కడి జనం అమెరికా మొత్తంలో అతి పేదవాళ్ళ కింద లెక్క. వాళ్ళ మొదటి వెయ్యి కాన్పుల లెక్కలు ఒక బీమా కంపెనీ గణాంక నిపుణుడు పరిశీలిస్తే, కాన్పు కారణంగా పోయిన తల్లి ఒక్కరు కూడా లేరు.

#8 · లెక్కలమాస్టారు

డాక్టరమ్మ గారి 4.44, 3.89 చూసి ఉలిక్కిపడ్డాను, ఒప్పుకుంటున్నాను. అయినా తిండి సంగతి పక్కన పెట్టేద్దామా? 1930ల మాంద్యంలో వేల్స్ బొగ్గు లోయల్లో, లాంకషైర్ నూలు పట్టణాల్లో మిల్లులూ గనులూ మూతపడ్డాయి. 1931 తర్వాత నిరుద్యోగ భృతి ఇచ్చే ముందు ఇంట్లో సామాను కూడా లెక్క చూసేవాళ్ళు. తల్లి ఏం తిన్నదంటే రొట్టె, మార్గరిన్, టీ. మాంసం ముక్క ఉంటే పనికెళ్ళే మగవాడికి, మిగిలితే పిల్లలకి. మన ఇళ్ళలో అమ్మ ఆఖర్న తినడం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. జనాభాలో పెద్ద భాగానికి సరైన పోషణ అందడం లేదని పోషకాహార శాస్త్రవేత్త జాన్ బాయిడ్ ఆర్ 1936లో లెక్కలతో చూపించాడు.

వేల్స్‌లోని రాండా లోయలో నేషనల్ బర్త్‌డే ట్రస్ట్ అనే సంస్థ 1930ల మధ్యలో గర్భిణులకు ఆహారం పంచింది. పంచిన చోట తల్లుల చావులు బాగా తగ్గాయని ప్రకటించింది. దీన్నేమంటారు?

#9 · పొద్దుతిరుగుడు

మాస్టారూ, రాండాలో తిండి పంచిన ఆ ఏళ్ళలోనే పురిటి జ్వరానికి ప్రాంటోసిల్ అనే ఎర్రటి కొత్త మందు కూడా వచ్చింది. అందువల్ల ఏది ఎంత చేసిందో విడదీయడం కష్టం. తిండి పంచడం మంచి పనే, అందులో రెండో మాట లేదు. అది చావుల్ని ఆపిందా అన్నదే ప్రశ్న.

మందు రాకముందు జరిగిన ఉదాహరణ మా లాంకషైర్‌లోనే ఉంది. రాక్‌డేల్. నూలు మిల్లుల ఊరు, సహకార ఉద్యమం పుట్టిన ఊరు. 1930 చుట్టుపక్కల అక్కడ వెయ్యి కాన్పులకు తొమ్మిది మంది తల్లులు పోయేవాళ్ళు, అంటే దేశం సగటుకు రెట్టింపు పైన. ఆండ్రూ టాపింగ్ అనే కొత్త మెడికల్ ఆఫీసరు ఈ లెక్కను దాచిపెట్టలేదు. ఊరి ముందు పెట్టాడు. సభలు జరిపాడు, పత్రికలకు చెప్పాడు. గర్భిణులు పరీక్షకు రావాలని ఆడవాళ్ళకి నచ్చజెప్పాడు. డాక్టర్లనూ మిడ్‌వైఫ్‌లనూ కూర్చోబెట్టి, తొందరపడి పటకార్లు వేయొద్దని, కాన్పు కష్టమైతే అనుభవమున్న నిపుణుణ్ణి పిలవాలని చెప్పాడు. ప్రతి చావు గురించీ ఏమైందని ఆరా తీశారు.

1934కల్లా ఆ తొమ్మిది రెండుకు దిగువకు వచ్చింది. మిల్లులు తెరుచుకోలేదు. తిండి మెరుగుపడలేదు. ఇంకా ఆ ఎర్రమందు రాలేదు. ఊరు అదే, ఆడవాళ్ళు వాళ్ళే, ఇళ్ళు అవే. మారింది మంచం పక్కన మనుషుల తీరు. రోజూ ఇదే పని చేసే నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

#10 · తెనాలి_మనవడు

ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

మా నాయనమ్మ 1935లో, నాలుగో కాన్పు అయిన ఎనిమిదో రోజున పోయింది. తెనాలి దగ్గర పల్లె. మా నాన్న అప్పుడు పుట్టినవాడే. చలిజ్వరం వచ్చిందట, బాలింత సన్నిపాతమన్నారట. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అప్పటికే ముప్ఫై ఏళ్ళకు పైగా ఉంది. బండి కట్టి తీసుకెళ్దామనుకునేలోపు అయిపోయింది. మా ఇంట్లో ఈ కథ ఎప్పుడు చెప్పినా చివర ఒకే మాట: 'ఆ మంత్రసాని చంపేసింది'. మురికి చేతులతో వచ్చిందని, ఎక్కడో పశువుల పాకలోంచి తిన్నగా వచ్చిందని. ఆమెది వేరే కులం. ఆ మాటలో అది కూడా ఉందని పెద్దయ్యాక నాకు అర్థమైంది.

నేను అడిగేది ఒకటి. అదే సంవత్సరం లండన్‌లో, మంచి ఆసుపత్రిలో ఉండి ఉంటే మా నాయనమ్మ బతికేదా?

#11 · డాక్టరమ్మ_వరంగల్

బాబూ, కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. నాకు తెలిసింది చెప్త.

లండన్‌లో క్వీన్ షార్లెట్స్ అని పేరున్న ప్రసూతి ఆసుపత్రి. పురిటి జ్వరం వచ్చిన తల్లుల కోసమే అక్కడ వేరే వార్డు కట్టిండ్రు. లియనార్డ్ కోల్‌బ్రుక్ అనే డాక్టరు ఏళ్ళ తరబడి ఆ జ్వరం వెంటే పడ్డడు. అంత చేసినా ఆ వార్డుకు చేరిన తల్లుల్లో నలుగురిలో ఒకరు పోయేటోళ్ళు. 1935 వరకు అదే పరిస్థితి.

ఆ ఏడాది జర్మనీలో గెర్హార్డ్ డొమాక్ ప్రాంటోసిల్ గురించి ప్రకటించిండు. అది ఎర్రటి అద్దకం రంగు. కోల్‌బ్రుక్, మేవ్ కెన్నీ అనే డాక్టరమ్మ కలిసి దాన్ని తల్లులకిచ్చి చూసినరు. తల్లుల చర్మం ఎర్రబారేదట. 1936లో వాళ్ళు ప్రకటించిన మొదటి లెక్క: 38 మంది తల్లులు, అందులో పోయింది ముగ్గురు. దేశం మొత్తంలో తల్లుల చావులు గబగబా పడిపోవడం ఆ తర్వాతే మొదలైంది. రక్తస్రావం ఆపే ఎర్గోమెట్రిన్‌ను కూడా 1935లోనే విడదీసినరు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రక్తం ఎక్కించే ఏర్పాట్లు, పెన్సిలిన్ వచ్చినయి. 1950కి వెయ్యికి ఒక్కరికన్నా తక్కువ. అంటే మీ నాయనమ్మ జబ్బు పడిన ఏడాదికి ఆ మందు లండన్ తల్లులకు కూడా ఇంకా చేతికి రాలేదు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్పాలె. కోల్‌బ్రుక్ చెల్లెలు డోరా కూడా డాక్టరే. పురిటి జ్వరం తెచ్చే క్రిమి తల్లి ఒంట్లోకి ఎక్కడి నుంచి వస్తుందని ఆమె వెతికింది. కాన్పు చేసే మనుషుల ముక్కు, గొంతుల్లో అదే రకం క్రిమి దొరికింది. వాళ్ళకు జబ్బు కనబడకపోవచ్చు. కాన్పు గదిలోకి వచ్చిన ఎవరైనా, గొంతునొప్పితో ఉన్న ఇంటిమనిషైనా ఇయ్యొచ్చు. తెల్లకోటు వేసుకుని, గోళ్ళు కత్తిరించుకున్న డాక్టరు కూడా ఇచ్చిండు. మంత్రసాని చేతులే కారణమై ఉండొచ్చు, కాకపోనూవచ్చు. ఆమే చంపిందని అనడానికి మాత్రం మన దగ్గర ఏమీ లేదు.

#12 · చరిత్రపిచ్చి

మన వైపు సంగతి కూడా కొంచెం. బ్రిటిష్ ఇండియాలో 1937లో పసిపిల్లల మరణాలు వెయ్యికి 162 అని, తల్లుల మరణాలు వెయ్యికి 20 వరకు ఉంటాయని ఆరోగ్య సేవల మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ తర్వాత రాసింది. ఇంగ్లండు నాలుగు దగ్గర ఆగిపోయిందని ఇక్కడ మనం బాధపడుతున్నాం, మన దగ్గర దానికి అయిదు రెట్లు. తల్లీపిల్లల సంక్షేమాన్ని స్థానిక సంస్థల బాధ్యతల్లో చేర్చిన మద్రాసు ప్రజారోగ్య చట్టం 1939లో గానీ రాలేదు.

అయితే ఆ కాలంలో ఇక్కడి తల్లుల దగ్గర నేర్చుకున్న పాఠం ఒకటి ప్రపంచమంతా వెళ్ళింది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1928లో బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు రక్తం విపరీతంగా తగ్గిపోయేది, ఇనుము ఇచ్చినా కోలుకోని రకం. వాళ్ళ తిండి, వాళ్ళ ఇళ్ళు అన్నీ చూసింది. కూనూరులో ఎలుకల మీద పరిశోధన చేసింది, మద్రాసు కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలోనూ పనిచేసింది. (ఇప్పటి తిరువళ్ళిక్కేణి కస్తూర్బా ఆసుపత్రి అదే.) పిండి పులియబెట్టే ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే తల్లులు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నదే తర్వాత పదేళ్ళకు విడదీసి పేరు పెట్టిన ఫోలిక్ యాసిడ్.

మాస్టారూ, చూశారా, మీ తిండి వాదానికి ఇదొక బలం.

#13 · సంచీసైకిల్

ఆ ఎర్రబిళ్ళ వెనక ఇంత కథ ఉందా! ఐరనూ ఫోలిక్కూ కలిసిన బిళ్ళలు నా సంచీలో లేని రోజు లేదు. నూరు రోజులకి నూరు బిళ్ళలు. 'వికారంగా ఉంది అక్కా, దొడ్డికి నల్లగా వస్తాంది' అని పెరట్లో పారేసేవాళ్ళు. అన్నం తిన్న తర్వాత రాత్రి వేసుకోమని చెప్పి, మరుసటి వారం మళ్ళీ వెళ్ళి అట్టలో మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టేదాన్ని. మద్రాసులో ఎవరో తల్లుల ఒంట్లో తేలిన మాట అని తెలిసుంటే వాళ్ళకి ఇంకా బాగా చెప్పేదాన్ని.

బాబూ తెనాలి అబ్బాయ్, నేను మంత్రసానులకి శిక్షణ ఇచ్చాను. 1980లలో పది పన్నెండుమందిని చాప మీద కూర్చోబెట్టి అయిదు శుభ్రతలు చెప్పేవాళ్ళం. చేతులు, కాన్పు చేసే చోటు, బ్లేడు, బొడ్డుకి కట్టే దారం, కోసిన బొడ్డు. అందులో ఒక ముసలామె చివర్న లేచి, 'ఈ మాట ముందే చెప్పుంటే ఫలానా పిల్ల బతికేదా అమ్మా' అని అడిగింది. నేనేం చెప్పలేకపోయా. ఆమె చేతిలో నాలుగొందల పురుళ్ళు పోయించుకున్న ఊరు, పోయిన ఒక్కదాన్నే గుర్తుపెట్టుకుంది. ఆమె కూడా అదే గుర్తుపెట్టుకుంది.

వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. జీతం ఇవ్వలేదు. ఒక చాటెడు బియ్యం, పాత చీర. పొద్దుతిరుగుడు తల్లి చెప్పిన 1936 చట్టం లాంటిది వాళ్ళకెవరు చేశారు?

#14 · లెక్కలమాస్టారు

చరిత్రపిచ్చి బాబూ, సంతోషం. కానీ నేను నా వాదం కొంచెం సర్దుకుంటున్నాను. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో కొద్దిగా రక్తం పోయినా ప్రమాదమే, తిండి అక్కడ పనిచేస్తుంది. క్రిమి లోపలికి వెళ్ళాక తిండి అంతగా ఆపలేదు. రాక్‌డేల్ లెక్క రెండుసార్లు వేసుకున్నాను. పొద్దుతిరుగుడూ, ఆ ఊరి నివేదికలు మీ గ్రంథాలయంలో ఉంటే, ఏ కారణంతో ఎందరు పోయారో ఏడాదివారీగా రాసి పెట్టమ్మా. ఊరు చిన్నది, ఏడాదికి పోయినవాళ్ళు ఎక్కువమంది ఉండి ఉండరు. అంత చిన్న సంఖ్యల్లో ఎగుడుదిగుళ్ళు సహజం. అది కూడా చూడాలి.

#15 · పొద్దుతిరుగుడు

తప్పకుండా మాస్టారూ. వచ్చే శనివారం నాకు రాత్రి డ్యూటీ లేదు. రాక్‌డేల్ ఇక్కడికి రైల్లో నలభై నిమిషాలు, అక్కడి గ్రంథాలయానికే వెళ్ళి కాపీ చేసుకొస్తాను.

సంచీసైకిల్ అమ్మా, మీకు ఇంకో సంగతి చెప్పాలనిపించింది. 1933లో లివర్‌పూల్‌లో మినిట్ అనే డాక్టరు నొప్పి తగ్గించే గ్యాసు యంత్రం చేశాడు, తల్లి తన చేత్తో తానే మాస్కు పట్టుకుని పీల్చుకునేది. 1936లో మిడ్‌వైఫ్‌లు కూడా దాన్ని వాడొచ్చని ఒప్పుకున్నారు. అప్పటిదాకా నొప్పి తగ్గించడం డాక్టరును పిలవగల ఇళ్ళకే. ఇప్పుడు మా వార్డులో దాని మనవరాలు లాంటి యంత్రం ప్రతి గదిలో ఉంది. నిన్న రాత్రి ఒక తల్లి నా చెయ్యి ఒక చేత్తో, అది ఇంకో చేత్తో పట్టుకుని కనింది.

#16 · తెనాలి_మనవడు

డాక్టరమ్మ గారికి, సంచీసైకిల్ అమ్మకి దండాలు.

నిన్న మా పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. ఆయనకి 97 నిండాయి, నాయనమ్మ పోయేనాటికి ఏడేళ్ళవాడు. చెవి సరిగ్గా వినపడదు. పక్కన కూర్చుని గట్టిగా డాక్టరమ్మ గారు రాసిందంతా చదివాను. లండన్‌లో నలుగురిలో ఒకరు పోయేవాళ్ళన్న చోట ఆపి మళ్ళీ చదవమన్నారు. రెండోసారి చదివాక చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఆ మంత్రసాని గురించి చెప్పారు. నాయనమ్మ పోయాక మా వీధిలో ఆమెను పురుడుకి పిలవడం మానేశారట. ఆ ఎనిమిది రోజులూ పొద్దునా సాయంత్రం వచ్చి నాయనమ్మ ఒళ్ళు తుడిచింది ఆమేనట, రావద్దన్నా వచ్చిందట. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు.

ఆమె మనవడి కుటుంబం ఊళ్ళోనే ఉందట, చెరువు గట్టు దగ్గర. వచ్చే ఆదివారం నన్ను తీసుకెళ్ళమన్నారు పెదనాన్న.